ఖిలాఫత్‌లో 'ఖిలాఫ్' ఉందా?

సందేహం: బ్రిటిష్‌వాళ్లకు ఖిలాఫ్‌గా, అంటే వ్యతిరేకంగా జరిగింది కాబట్టే ఖిలాఫత్ ఉద్యమానికి ఆ పేరని బడిలో మా మాస్టారు చెప్పారు. ఇప్పుడు పత్రికల్లో 'కాలిఫేట్' అంటే ఇస్లామిక్ రాజ్యం అని చదువుతున్నాను. రెండూ ఒకటేనా? తెలుగులో ఏది రాయాలి?

సమాధానం: ఒకటే. మీ మాస్టారిని మరీ తప్పుపట్టలేం. ఉద్యమం బ్రిటిష్ ప్రభుత్వం మీదే, ఉర్దూలో ఖిలాఫ్ అంటే వ్యతిరేకమే. కానీ వ్యతిరేకతకు ఉర్దూ మాట ముఖాలిఫత్, ఖిలాఫత్ కాదు.

చిత్రమేమిటంటే ఈ మాటలన్నీ ఖ-ల-ఫ అనే ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టాయి. వెనక ఉండటం, తర్వాత రావడం దాని మూలార్థం. ఒకరి తర్వాత వచ్చి ఆ స్థానంలో నిలిచేవాడు ఖలీఫా. క్రీ.శ. 632లో ముహమ్మద్ ప్రవక్త మరణించాక ముస్లిం సమాజానికి పెద్దగా నిలిచిన అబూబకర్‌ను 'దైవప్రవక్తకు ఖలీఫా' అన్నారు. వారసుడంటే కొడుకో మనవడో అనుకునేరు, ఆయన ప్రవక్తకు మామగారు. ఆ పదవి ఖిలాఫత్, దాని కింద ఉన్న రాజ్యమూ ఖిలాఫతే. వకీలు నుంచి వకాలత్ వచ్చినట్టే ఇదీ.

అందుకని ముస్లిం రాజు ఏలిన ప్రతి రాజ్యాన్నీ ఖిలాఫత్ అనకూడదు. గోల్కొండది సుల్తనత్. ఢిల్లీని ఏలిన ఇల్‌టుట్‌మిష్ కూడా సుల్తానే. తన అధికారానికి గుర్తింపుగా 1229లో బాగ్దాద్ ఖలీఫా నుంచి పత్రం, రాజలాంఛనపు అంగీ అందుకున్నాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను కొల్లగొట్టి అప్పటి ఖలీఫాను చంపేశారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఢిల్లీ నాణేల మీద ఆ చనిపోయినాయన పేరే వేశారు!

ఇక ఉద్యమం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన తుర్కీ సుల్తానే అప్పటి ఖలీఫా. ఆయన పదవినీ గౌరవాన్నీ కాపాడాలని 1919లో మనవాళ్లు మొదలుపెట్టారు. చివరికి ఆ పదవిని రద్దు చేసింది బ్రిటిష్‌వాళ్లు కాదు, 1924 మార్చి 3న తుర్కీ శాసనసభే. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రుషెహ్వార్ 1931లో ఏడో నిజాం పెద్దకొడుకును పెళ్లాడి హైదరాబాద్ కోడలైంది.

'కాలిఫేట్' ఇంగ్లీషు దారిన చుట్టు తిరిగి వచ్చిన రూపం. ఖలీఫా, ఖిలాఫత్ మనకు ఎప్పటినుంచో ఉన్నాయి, అవే రాయండి. కొత్త పాఠకుడికి అర్థం కాదనిపిస్తే 'ఖలీఫా రాజ్యం' అన్నా తప్పులేదు.