నాలుగు కాళ్ల తిమింగలం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పాకిసెటస్ అనే శిలాజ జంతువు బొమ్మ చూస్తే పొడుగు మూతి తోడేలులా ఉంది. దాన్ని తిమింగలాల్లో ఎలా కలిపారు? (డిగ్రీ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: బొమ్మ పక్కన పెట్టి చెవి చూడండి. మధ్యచెవిని కప్పి ఉంచే ఎముక చిప్ప మామూలు క్షీరదాల్లో పలచగా ఉంటుంది. తిమింగలాల్లో, డాల్ఫిన్లలో దాని లోపలి అంచు మాత్రం ఉబ్బి, గట్టిపడి ఉంటుంది. ఈ దళసరి అంచును ఇన్వొలూక్రమ్ అంటారు. పాకిసెటస్‌లోనూ అది ఉంది. అంతమాత్రాన నీళ్లలో బాగా వినేదని కాదు. ధ్వనిని చెవికి చేరవేసే కొవ్వు పట్టడానికి తర్వాతి తిమింగలాల దవడ ఎముకలో పెద్ద రంధ్రం ఉంటుంది, దీనికి అది లేదు.

ఉత్తర పాకిస్తాన్‌లో ఏరులు మేటవేసిన, సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికిన ఈ జంతువుకు 1981లో శిలాజవేత్తలు గింగరిచ్, రసెల్ పేరు పెట్టారు. అప్పట్లో చేతిలో ఉన్నది కపాలం వెనక భాగం, కొన్ని దవడ ముక్కలు, పళ్లు. మిగతా ఒళ్లంతా ఊహే, అందుకే తెడ్డు కాళ్లతో ఈదుతున్నట్టు గీశారు. 2001లో శిలాజవేత్త థెవిసెన్ బృందం కాళ్ల ఎముకలు ప్రకటించాక ఆ బొమ్మ చెల్లకుండా పోయింది. పాత పుస్తకాల్లో అదే ఇంకా కనబడుతుంది, నమ్మకండి. అలాగని పూర్తిగా మెట్ట జంతువూ కాదు. కాళ్ల ఎముకల గోడలు మందంగా, లోపల మూలుగ ఉండే ఖాళీ సన్నగా ఉన్నాయి. ఆ బరువు నీటి అడుగున నిలదొక్కుకుని నడవడానికి పనికొస్తుంది.

ప్రశ్న: తిమింగలానికి మేక చుట్టమట, నిజమేనా? (వరంగల్)

జవాబు: నిజమే. రుజువు మీరే చూడొచ్చు. మటన్ కొట్టులో వెనక కాలి మడమ కీలు కొట్టకుండా అడిగి తీసుకోండి. మాంసం ఊడేదాకా ఉడికించి విడదీస్తే గుప్పిట్లో పట్టే చీలమండ ఎముక ఒకటి వస్తుంది. పైకొసన, కిందికొసన రెండింటా బావి కప్పీలాంటి గాడి ఉంటుంది. ముందు కాలు తెచ్చుకుంటే ఈ ఎముకే ఉండదు, అది గమనించుకోండి. కుక్కకు గాడి పైకొసనే, కిందికొస గుండ్రం. రెండు గాడులు మేక, నీటిగుర్రం లాంటి జోడు గిట్టల జంతువుల గుర్తు. సరిగ్గా ఈ రెండు గాడుల ఎముకే 2001లో పాకిసెటస్‌కూ, బలూచిస్తాన్‌లో దొరికిన రోడోసెటస్, ఆర్టియోసెటస్ అనే పాతకాలపు తిమింగలాలకూ బయటపడింది. అంతకుముందు చాలామంది శిలాజవేత్తలు పళ్ల పోలికను పట్టుకుని మెసోనిక్స్ అనే మాంసాహారుల వైపు వేలు చూపేవారు. డీఎన్ఏ పరీక్షలేమో నీటిగుర్రమే దగ్గరి బంధువని అప్పటికే చెబుతున్నాయి. చీలమండతో తగవు తీరింది.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటివి దొరికాయా? (గుంటూరు)

జవాబు: గుజరాత్‌లోని కచ్‌లో దొరికాయి. అక్కడి కచ్చిసెటస్ అనే పాతకాలపు తిమింగలం సుమారు రెండున్నర మీటర్ల పొడవు, సన్నని మూతి, బలమైన పొడుగు తోక. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ రాళ్లలో దొరికినది ఇండోహయస్. దీనికి 1971లో భూవిజ్ఞాని ఎ. రంగారావు పేరు పెట్టారు. ఆయన సేకరించిన రాళ్లను చాలా ఏళ్ల తర్వాత థెవిసెన్ ప్రయోగశాలలో శుభ్రం చేస్తుండగా ఒక కపాలం చెవి దగ్గర విరిగింది, లోపల ఇన్వొలూక్రమ్ కనిపించింది! 2007లో ప్రకటించారు. ఇండోహయస్ తిమింగలం కాదు, వాటికి దగ్గరి చుట్టం.

ప్రశ్న: క్షేత్ర పర్యటనలో ఇలాంటి ఎముక కంటపడితే ఏం చేయాలి? (ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: లాగొద్దు. బయటికి తేలిన భాగం ఎండకూ వానకూ పెళుసై ఉంటుంది, లాగితే మంచి ముక్క రాతిలోనే ఉండిపోతుంది. ముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో, తర్వాత జీపీఎస్, ఏ పొర, ఏ రకం రాయి రాసుకోండి. పొర తెలియని ఎముకకు వయసు చెప్పలేం.

తవ్వకం తెలిసినవాళ్లు ఉంటేనే మిగతాది. 100 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో 5 గ్రాముల పారలాయిడ్ బి-72 (ఎముకను గట్టిపరిచే ప్లాస్టిక్ జిగురు) కరిగించి, పగుళ్లలోకి చుక్కచుక్కగా ఇంకనివ్వాలి. చిక్కగా కలిపితే లోపలికి దిగదు, పైన మెరిసే పొర కడుతుంది. ఎముక తడిగా ఉంటే తెల్లగా పాలిపోతుంది. ఎసిటోన్ దగ్గర నిప్పు వద్దు. ఆరాక తడి టిష్యూ కాగితం రెండు మూడు పొరలు అంటించి, ఆపైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టండి. టిష్యూ మరిచిపోతే కట్టు విప్పేటప్పుడు ప్లాస్టర్‌తోపాటు ఎముక పైపొర ఊడొస్తుంది. కట్టు ఆరగానే దానిమీద ఇంకు పోని పెన్నుతో నంబరు, పైకి ఏ వైపో బాణం గుర్తు వేయండి.