ఇసుక లేవని రోజు ఈ కణాలెక్కడివి?

ప్రశ్న: మా అన్నయ్య జెడ్డాలో డ్రైవరు. ఇసుక తుఫాను లేని రోజు కూడా అక్కడి గాలిలో కొత్తగా సన్న కణాలు పుడతాయని ఎవరో చెప్పారట. ఇసుక లేవకుండా ఎలా పుడతాయండీ?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నిజమేనమ్మా. ఆర్కే బీచ్‌లో ఓ గంట కూర్చుంటే కళ్లజోడు మీద ఉప్పు పొర పడుతుంది కదా, అది అలల తుంపర గాలికి ఎగిరి, ఆరిపోగా మిగిలింది. ఎడారి ఇసుకా అంతే, ఉన్నదే గాలికి లేస్తుంది. మీ అన్నయ్య విన్నవి మాత్రం గ్యాసులోంచే పుడతాయి.

ఎర్ర సముద్రం తీరంలో ఓడలు, పవర్ ప్లాంట్లు చమురు కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. పగటి పూట సముద్రపు గాలి దాన్ని ఎడారి వైపు నెడుతుంది, పైన ఎండ మాడ్చేస్తుంటుంది, ఆ వెలుతురుకి గాలిలో జరిగే రసాయన చర్యల్లో అది సల్ఫ్యూరిక్ ఆమ్లపు ఆవిరిగా మారుతుంది. ఆ అణువులు నాలుగైదు ఒకచోట చేరితే అదే పసికణం, ఒక నానోమీటరు ఉంటుందేమో (మన వెంట్రుక మందం సుమారు 70 వేల నానోమీటర్లు). చాలావరకు పుట్టిన వెంటనే విడిపోతాయి. విడిపోకుండా పట్టి ఉంచేవి అమోనియా, అమైన్లు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ముక్కు మూసుకుంటామే, ఆ నీచు వాసన అమైన్లదే! జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో 'క్లౌడ్' అనే ప్రయోగంలో పెద్ద స్టీలు గదిలో గాలి నింపి చూశారు, నేల దగ్గరి గాలిలో ఆమ్లం, నీళ్లావిరి రెండే సరిపోవని, అమైన్లు ఏ కాస్త ఉన్నా పుట్టుక ఎన్నో రెట్లు పెరుగుతుందని తేలింది.

రెండు నానోమీటర్లు దాటితే ఇక ఫర్వాలేదు. మిగతా ఆవిర్లు కూడా వచ్చి అంటుకుంటూ గంటకు కొన్ని నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది, 50 నుంచి 100 దాకా ఎదిగితే మేఘపు చినుక్కి విత్తనమవుతుంది. వీటి బరువు లెక్కలోకే రాదు, అందుకే పీఎం 2.5 (గాలిలోని సన్న ధూళిని బరువుతో కొలిచే లెక్క) అంకె తక్కువగా ఉన్న రోజూ ఇవి బోలెడన్ని ఉండొచ్చు.

మరి దుమ్ము రేగిన రోజో? పెళ్లి బంతిలో వెనక కూర్చున్న పిల్లల గతే. ఉన్న ఆవిరంతా ఇసుక రేణువులే ముందు లాగేసుకుంటాయి, కొత్త కణానికి ఏమీ మిగలదు. ఆ రోజు మీ అన్నయ్యని మాస్కు పెట్టుకోమనండి, ఇసుక కోసమే లెండి.