అడుగులు తర్వాత నేర్పుదువుగాని

చిరంజీవి అమ్మడికి,

పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. గుణుపురంలో మానసిక రోగుల కేంద్రానికి వెళ్లి వాళ్లచేత డాన్సు చేయించే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. నీకు కూచిపూడి వచ్చు, పిల్లలకి నేర్పిన అలవాటూ ఉంది. నేను ఆ వార్డుల్లో నర్సుగా తల నెరిసినదాన్ని. అందుకని నాలుగు మాటలు రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మొదటి రోజు గజ్జెలూ పాటలూ ఇంట్లోనే వదిలేసి వెళ్లు. ఓ పక్కన కూర్చుని చూడు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో చాలామందికి మందులతో లేని గొంతులు వినపడడం, అనుమానాలు తగ్గుతాయి. అంత తేలిగ్గా తగ్గనిది ఇంకోటుంది. మొహంలో ఏ భావమూ పలకదు, మాట రాదు, స్నానం చెయ్యాలనిపించదు, లేవబుద్ధి కాదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. అదీ జబ్బే. నీకు ఎక్కువగా పనిపడేది వీళ్లతోనే.

మా వార్డులో ఒకాయన ఉండేవాడు. పొద్దున్న బెంచీ మీద కూర్చుంటే సాయంత్రం దాకా అక్కడే. ఆయన ఒంట్లో కదిలేది కుడిచేతి బొటనవేలొక్కటే, బీడీ పొగాకు నలుపుతున్నట్టు చూపుడువేలి మీద రాస్తూ ఉండేవాడు. ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని నేనూ అలాగే రాసేదాన్ని. పలకరించలేదు. కొన్నాళ్లకి నా వేలు ఆగితే ఆయన తిరిగి చూశాడు. అప్పుడు దానికి కాస్త తాళం కలిపాను: రెండుసార్లు రాయడం, ఒక చిటికె. ఆయనా చిటికేశాడు. ఆ చిటికెనే గుండ్రంగా కూర్చున్నవాళ్లందరికీ ఒకరి నుంచి ఒకరికి అందించాం. ఆ రోజుకి డాన్సంటే అదే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మేరియన్ ఛేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో మొదలుపెట్టింది. అప్పటికి ఈ జబ్బుకి మందులే లేవు, మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకం 1952లో గాని రాలేదు. రోగి ఎలా కదిలితే తనూ అలా కదిలి, అక్కణ్ణుంచి అందరినీ గుండ్రంగా కలిపేది. 1966లో అమెరికాలో డాన్స్ థెరపీ సంఘం ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. మన దగ్గర కోల్‌కతాలో సోహిని చక్రవర్తి 2004లో కోల్‌కతా సంవేద్ సంస్థ పెట్టింది. వాళ్లూ ముంబయి టాటా ఇన్‌స్టిట్యూటూ కలిసి ఈ విద్యలో డిప్లొమా నడిపారు. నువ్వు అలాంటి చదువు చదివేదాకా థెరపిస్టునని చెప్పుకోకు. డాన్సు టీచర్నను, చాలు.

ఒక్క జాగ్రత్త. మనిషిని అనుకరిస్తే వెక్కిరిస్తున్నావనుకునే ప్రమాదం ఉంది, అనుమానం జబ్బున్నవాళ్లయితే మరీను. అందుకే ఉన్నదున్నట్టు చెయ్యకు. ఆ కదలికలో ఓ పాలు తీసుకో, మెల్లగా చెయ్యి. మొహం చిట్లిస్తే వెంటనే మానెయ్యి.

గుణుపురంలో నీ ముందు కూర్చునేవాళ్లలో తెలుగువాళ్లుంటారు, ఒడియావాళ్లుంటారు, సవరలుంటారు. తాళానికి దుబాసీ అక్కర్లేదు. నన్నడిగితే కోలాటం నయం. ఒంటికి ఒళ్లు తగలదు, కర్రకి కర్రే తగులుతుంది. ఎదుటిమనిషి ఎక్కడున్నాడో చూసుకోకపోతే దెబ్బ కుదరదు కాబట్టి చూపు దానంతటదే లేస్తుంది. జంట కోపులు, జడ కోపులూ అనే కోలాటం వరసలు తర్వాత సంగతి, ముందు కూర్చునే వెయ్యించు. గిరిజనుల గుంపు నాట్యం ధింసా మంచిదే, కాని నడుం చుట్టూ చెయ్యి వెయ్యాలి. ఇన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోని మనిషికి అది ఒక్కసారిగా భరించరానిది కావచ్చు, అడక్కుండా చెయ్యి పట్టుకోకు. మానియాలో, అంటే జబ్బువల్ల అతి హుషారులో, ఉన్నవాళ్ల చేతికి మాత్రం కర్రలివ్వకు. వాళ్లకి వేగం పెంచే పాటలొద్దు, బరువుగా, నిదానంగా వేసే అడుగులియ్యి.

పాట సన్నగా పెట్టు. పాట తనతోనే మాట్లాడుతోందనుకునేవాళ్లుంటారు. జాతర డప్పు వింటే కొందరికి పూనకం వస్తుంది, ముందే ఇంట్లోవాళ్లని కనుక్కో. వాళ్లు రోగిని ఎజ్జోడి (గిరిజనుల భూతవైద్యుడి) దగ్గరికి కూడా తిప్పుతూ ఉంటారు. వాదించకు. మాత్రలు మాత్రం ఆపొద్దని చెప్పు.

మాత్రల సంగతి నువ్వూ తెలుసుకోవాలి. కొన్నిటివల్ల కూర్చున్నవాళ్లు చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని గిరగిరా తిరిగే ఆటలొద్దు. కొన్నిటివల్ల చేతులు బిగుసుకుంటాయి, మొండితనం అనుకోకు. ఒకచోట కూర్చోలేక కాళ్లాడిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారంటే హుషారనుకోకు, డాక్టరుతో చెప్పు. మనసు ఉద్రేకాలు అదుపులో ఉంచే లిథియం మాత్ర వాడేవాళ్లకి చెమట బాగా పట్టి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో మందు మోతాదు మించుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో వాళ్లని ఆడించకు, నీళ్లు దగ్గర పెట్టు. రాత్రి మాత్రల మత్తు దిగాలి కాబట్టి పొద్దున్న పది దాటాక మొదలెట్టు.

దీనివల్ల జబ్బు నయమవుతుందని ఎవరికీ మాటివ్వకు. అచ్చంగా డాన్సు కాకపోయినా, ఇలాగే ఒంటి కదలికలతో చేసే బాడీ సైకోథెరపీ మీద 2006లో లండన్‌లో 45 మంది స్కిజోఫ్రీనియా రోగులతో చేసిన పరిశోధనలో, నేను పైన రాసిన ఆ మూగతనం, మొహంలో భావం పలకకపోవడం తగ్గాయని తేలింది. 2016లో 275 మందితో మళ్లీ చేసి పిలాటిస్ వ్యాయామంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నాకది నిరాశేమీ కాదు. బెంచీ మీది మనిషి నలుగురి మధ్యకి వచ్చి ఓ గంట కూర్చుంటే చాలు, దానికి ఏ పేరు పెట్టుకుంటే ఏం!

ఎవరో ఒకరు వస్తారు, అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, మీవాళ్లచేత స్టేజీ మీద ఆడించమంటారు. ఒప్పుకోకు. ఇష్టపడి అడిగినవాళ్లుంటే వేరే సంగతి. వీడియోలు తీసి వాట్సాప్‌లో పెట్టనివ్వకు. రోగి అనుమతి లేకుండా ఫొటో మీడియాకి ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ఎవరైనా చచ్చిపోవాలనుందంటే పాట ఆపెయ్యి, ఒంటరిగా వదలకు, డాక్టరుకి కబురుపెట్టు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 గోడ మీద పెద్దక్షరాలతో రాయించు.

కోలాటం కర్రలు నా దగ్గరున్నాయి, పిల్లలవి, పొట్టివి. ఆదివారం రైల్లో వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపిస్తాను. స్టేషన్‌కి ఎవరినైనా పంపించు.

మీ పెద్దమ్మ