పక్క పోర్షన్‌లో భార్యను కొడుతున్నాడు.. మేం ఫిర్యాదు చేయొచ్చా?

ప్రశ్న: మేం అద్దెకుండే ఇంట్లో పక్క పోర్షన్‌లో భార్యాభర్తలు, ఏడేళ్ల పాప ఉంటారు. అతను తాగొచ్చి భార్యను కొడతాడు. గోడకేసి తల కొట్టిన చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది. పొద్దున అడిగితే 'బాత్రూంలో జారిపడ్డానక్కా' అంటుంది. 'మొగుడూపెళ్లాల మధ్య మనమెందుకు? రేపు మన మీదే కేసు పెడతారు' అని మావారు ఆపుతున్నారు. నేను ఫిర్యాదు చేయొచ్చా? ఆమె కాదంటే నా పరిస్థితేంటి?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చేయొచ్చమ్మా. మీవారి భయానికి చట్టంలోనే జవాబుంది. 2005 నాటి గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం, హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) చెప్పొచ్చు. బంధువే కానక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ నిలవదు. రేపు ఆమె 'అలాంటిదేం లేదు' అన్నా, మీరు విన్నది విన్నట్టు చెప్పినంతవరకు మీకు ఇబ్బంది లేదు.

రక్షణాధికారి వివరాలు జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో దొరుకుతాయి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. కొడుతున్న ఆ నిమిషంలో మాత్రం 112కే చేయండి. ఆమెను అడగాలా వద్దా అని ఆలోచించే సమయం కాదది.

మిగతా రోజుల్లో ఆమెకు తెలియకుండా ఫిర్యాదు పెట్టొద్దని నా సలహా. చట్టం ఒప్పుకుంటుంది, నేనే వద్దంటున్నాను. పోలీసులు గుమ్మంలోకి వచ్చేసరికి భర్త పక్కనే నిలబడి ఉంటాడు. 'ఏం లేదు సార్, చిన్న మాటామాటా' అని ఆమే అంటుంది. వాళ్లు వెళ్లాక తలుపు మూసి, 'ఎవరికి చెప్పావ్' అని మళ్లీ మొదలుపెడతాడు. అందుకే అతను పనికెళ్లాక, పాప స్కూల్లో ఉన్నప్పుడు ఆమెను కలవండి. 'రాత్రి నాకు వినపడిందమ్మా' అని ఒక్క మాట అనండి. 'ఎందుకు భరిస్తున్నావ్' అని మాత్రం అడగొద్దు, తప్పు తనదే అన్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి ఒప్పుకోకపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. 'ఎక్కడికి పోవాలి, ఎలా బతకాలి' అన్న భయం ఆ నోళ్లను కట్టేస్తుంది.

ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పండి. అద్దె అగ్రిమెంట్ భర్త పేరునే ఉన్నా, ఇదే గృహహింస చట్టం 17వ సెక్షన్ కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. మెజిస్ట్రేట్ అతన్నే బయటికి పొమ్మనొచ్చు, లేదా ఆమెకు వేరే ఇంటి అద్దె కట్టమనొచ్చు. ఇంటి ఖర్చులు, పాప కస్టడీ కూడా అక్కడే అడగొచ్చు. ఆమెను హింసించొద్దని మెజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

ఇన్నేళ్లు చెప్పకపోవడం వల్ల ఆమె హక్కు పోదు. ఈ చట్టం కింద దరఖాస్తుకు ఏడాది గడువు వర్తించదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఇకమీదట ఆస్పత్రికి వెళ్తే, భర్త కొట్టాడనే డాక్టరుకు చెప్పమనండి. 'జారిపడ్డాను' అని కేస్‌షీట్‌లో ఒకసారి రాస్తే, రేపు అవతలి లాయరు ముందుగా చదివేది ఆ కాగితమే. దెబ్బల ఫొటోలు ఆమె ఫోన్‌లో దొరికితే ప్రమాదం కాబట్టి మీ ఫోన్‌లో తీసి దాచండి. చప్పుడు విన్న ప్రతిసారీ తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

భార్యపై క్రూరత్వాన్ని నేరంగా చూసే ఒకప్పటి ఐపీసీ 498ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ సంగతి వేరు. పోలీసులు నేరుగా ఆ కేసు పెట్టాలంటే ఆమె గానీ, ఆమె బంధువులు గానీ ఫిర్యాదు ఇవ్వాలి, పొరుగువారిగా మీరిచ్చింది సరిపోదు. పుట్టింట్లో ఆమె మాట వినేవాళ్లు ఎవరో అడిగి, నంబరు తీసుకోండి.

ఆమెతో మాట్లాడే ముందు మీరు, మీవారు కూర్చుని ఒక విషయం తేల్చుకోండి. కేసు కోర్టుకెళ్తే వచ్చి సాక్ష్యం చెబుతారా? నా అనుభవంలో పొరుగువాళ్లు బోనెక్కిన గృహహింస కేసులు చాలా తక్కువ. వస్తామని మాటిచ్చి తర్వాత వెనక్కి తగ్గితే, ఆమె ఇంకెవరి ముందూ నోరు తెరవదు.