డ్రిల్ తర్వాత మీటింగ్ తిట్లతో ముగుస్తోందా?

పర్లాకిమిడి తమ్ముడూ, తుఫాను మాక్ డ్రిల్ అయ్యాక మీ వాలంటీర్ల మీటింగ్ ఒకరినొకరు తిట్టుకోవడంతోనే సరిపోతోందని, సైన్యంలో ఎలా చేస్తారని అడిగావు. అమెరికా సైన్యం 1970ల నుంచి శిక్షణ ముగియగానే అందరినీ కూర్చోబెట్టి అడిగేది ఇదే: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా, ఈసారి ఏం మార్చాలి? అక్కడ సిపాయి కూడా కమాండర్ నిర్ణయం గురించి నోరు విప్పొచ్చు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మీ దగ్గర ప్రెసిడెంటు గారే ముందు మైకు అందుకుంటారనుకుంటా! ఆయన్ని చివర్లో మాట్లాడమను. "తాడు ఎవడు మర్చిపోయాడు?" అని కాకుండా "తాడు బండెక్కకపోవడానికి కారణమేంటి?" అని అడుగు. సామాన్ల లిస్టు ఒడియాలో ఉంటే మన కుర్రాళ్లలో కొందరు చదవలేకపోయారేమో, అదీ చూడు. తేలింది రాసిపెట్టి పక్క ఊరి టీముకీ పంపు. ఇలాంటి పాఠాలు సేకరించి మిగతా యూనిట్లకు అందించడానికే అమెరికా వాళ్లు 1985లో ఒక కేంద్రం పెట్టారు.