జున్ను కోసం కేకలు వేయకండి

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి నేను ఫోనులో చెప్పినదాంట్లో సగం నీ చెవిన పడలేదు, పడిన సగం నీ ఏడుపులో కొట్టుకుపోయింది. అందుకే తప్పిపోయిన మీ కుక్క జున్నును ఎలా వెతకాలో కూర్చుని రాస్తున్నాను. ఫోనులోనే పంపినా దీన్ని ఉత్తరంలాగే చదువు. మీ తమ్ముడికి కూడా చదివి వినిపించు. వాడు మోటారు సైకిలు వేసుకుని కాలనీ అంతా "జున్నూ, జున్నూ" అని అరుస్తూ తిరుగుతున్నాడట. ముందు ఆ పని ఆపించు.

నీ మనసులో గుచ్చుకున్న ముల్లు ఒకటి తీసి మిగతా సంగతులకు వస్తాను. దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి, మెడ బెల్టు జార్చుకుని పారిపోయిన జున్ను మరునాడు ఉదయం నాగోలు మెట్రో స్టేషను వెనక నీకు కనబడిందన్నావు. నువ్వు పిలిచేసరికి ఒక్క క్షణం చూసి, తోక కాళ్ల మధ్య దాచుకుని మళ్లీ పరుగెత్తిందన్నావు. "రెండు నెలలు కళ్లలో పెట్టుకుని చూసుకుంటే నన్నే మరిచిపోయింది పెదనాన్నా" అని ఏడ్చావు. అది నిన్ను మరిచిపోలేదు. భయం తలకెక్కిన కుక్కకు మనుషులందరూ ఒకటే. తన వైపు కదిలే ప్రతిదీ తనను పట్టుకోవడానికి వస్తున్నట్టే ఉంటుంది. పదేళ్లు ఒకే ఇంట్లో అన్నం తిన్న కుక్కలు కూడా యజమాని గొంతు విని పారిపోవడం నేను చూశాను. పశువైద్యశాలలో ముప్పై ఏళ్లకు పైగా కాంపౌండరుగా పనిచేసినవాడిని, ఈ ఒక్క మాట నమ్ము. ఆ భయం దిగితే నీ వాసన దానికి మళ్లీ గుర్తుకొస్తుంది. దిగనివ్వడమే ఇప్పుడు మన పని.

మా కుక్క మల్లి సంగతి నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు నువ్వు చిన్నదానివి. 2015 జూలై, గోదావరి పుష్కరాలు. పన్నెండు రోజులూ రాజమండ్రి అంతా జనం, మైకులు, బస్సుల హారన్లు. మన ఇంటికి దిగిన చుట్టాలలో ఒకరు గేటు తీసి వదిలేశారు. ఎవరో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పినా ప్రయోజనం లేదు. మల్లి పోయింది. నేను చేసిన మొదటి ఘనకార్యం, వీధిలోని కుర్రాళ్లను పదిమందిని పోగుచేసి సైకిళ్ల మీద పంపడం. వాళ్లు శ్రద్ధగానే వెతికారు. వెతకడమంటే తరమడమే అయింది. మొదటి రోజు మన ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్న కుక్కను మూడో రోజుకల్లా ఊరి ఆ చివరికి తోలారు. నాలుగో రోజు నుంచి కనబడడమే మానేసింది. పదిమంది నోట పదిసార్లు పరుగుతో కలిపి విన్న "మల్లి" అనే పేరు దానికి ఇక పేరు కాదు, పారిపొమ్మన్న హెచ్చరిక.

చివరికి నాకు దారి చూపింది గట్టు మీద బజ్జీల బండి పెట్టుకునే ఒకావిడ. తెల్లవారుజామున మూడు గంటలకు, బండి కడిగిన నీళ్లు పారబోసే చోట, పాత హేవలాక్ వంతెన వైపు పొదల్లోంచి ఒక బక్క కుక్క వస్తోందని చెప్పింది. నేను పదిహేను రోజులు పగలంతా తిరిగాను, అదేమో రాత్రిపూట మాత్రమే బయటికి వస్తోంది. బెదిరిన కుక్క సాధారణంగా అంతే. పగలు ఎక్కడో ముడుచుకుని పడుకుని, సందడి అణిగాక, మళ్లీ తెల్లవారకముందే తిండికీ నీళ్లకూ కదులుతుంది. గోడ వెంట, కాలువ వెంట, పొదల అంచున నడుస్తుంది కానీ నడిరోడ్డున నడవదు.

మీ దగ్గర దానికి అలాంటి చోట్లు బోలెడు. ఉప్పల్ భగాయత్ వైపు ఖాళీ స్థలాలు, సగం కట్టిన భవనాల సెల్లార్లు, మూసీ ఒడ్డున గడ్డి. కనుక నువ్వు అడగవలసింది కారుల్లో తిరిగేవాళ్లను కాదు. ఆ కట్టుబడి భవనాల దగ్గర గుడిసె వేసుకుని ఉండే వాచ్‌మన్ కుటుంబాలను, తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులను, పాల ప్యాకెట్లు, పేపర్లు వేసే కుర్రాళ్లను అడుగు. రాత్రి దుకాణం కడిగి మూసే కోడి మాంసం కొట్టువాడిని తప్పకుండా అడుగు. ఫంక్షన్ హాలు వెనక ఎంగిలాకులు పారేసే చోటు ఉంటే ఆ హాలు కాపలాదారును కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి పేటలో వీధి కుక్కలకు రోజూ అన్నం పెట్టే మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని ఇరుగుపొరుగువాళ్లు తిట్టుకుంటూ ఉంటారు, అది వేరే కథ. వాళ్లకు ప్రతి కుక్క ముఖమూ తెలుసు. కొత్త ముఖం కనబడితే మొదట పసిగట్టేది వాళ్లే.

గోడలకు అంటించే కాగితం సంగతి. నువ్వు పంపిన నమూనా చూశాను. పెళ్లి శుభలేఖలా ఉంది. జున్ను అలవాట్లు, నీ ఆవేదన, నాలుగు చిన్న ఫొటోలు. రోడ్డున పోయేవాడు అదంతా చదవడు. ఒక్కటే పెద్ద ఫొటో, పక్కనుంచి తీసినది, ఒళ్లంతా కనబడేది. దాని కింద లావు అక్షరాలతో: "తప్పిపోయిన కుక్క. పిలవవద్దు, తరమవద్దు, పట్టుకోవద్దు. కనబడితే వెంటనే ఫోను చేయండి." ఆపైన నీ నంబరు. అంతే. తెలుగుతో పాటు హిందీలోనూ ఉర్దూలోనూ వేయించు. కట్టుబడి పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఉంటారు. చదువు రానివాళ్లకు ఫొటో చూపించి నోటితో చెప్పు. బహుమానం మొత్తం మాత్రం వేయకు. అంత డబ్బు చూశాక పిల్లలు తాళ్లు పట్టుకుని బయలుదేరతారు, మళ్లీ మల్లి కథే.

జున్ను షెల్టరు నుంచి వచ్చిన నాటు కుక్క కనుక దాని చెవి అంచు కోసి ఉంది కదా. కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసిన వీధి కుక్కలకు పెట్టే గుర్తు అది. చూసినవాళ్లు "ఎవరిదో వీధి కుక్కే" అనుకుని వదిలేస్తారు. కాబట్టి మాట్లాడేటప్పుడు ఆ సంగతి నువ్వే ఎత్తి చెప్పు. ఇంకొకటి, నగరపాలక సంస్థ వ్యాను ఆ పక్కకు వచ్చిందేమో కనుక్కో. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టుకెళ్లిన వీధి కుక్కలను ఆపరేషను, టీకా అయ్యాక పట్టిన చోటనే వదలాలి. కానీ బెదిరిన కుక్క చేతిలో పడితే ఎక్కడ ఏ బోనులో ఉందో ఫోనులో ఎవరూ సరిగా చెప్పలేరు. ఫొటో పట్టుకుని వాళ్ల సంరక్షణ కేంద్రానికి నువ్వే వెళ్లి బోను బోనూ చూసి రా. ఒకసారి వెళ్లి ఊరుకోకు, రెండు రోజులకొకసారి వెళ్లు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఏ గోడ పక్కన, ఏ వైపుకు పోయింది, వెంట వేరే కుక్కలున్నాయా. వచ్చిన ప్రతి కబురూ రాయి. నాలుగైదు కబుర్లు చేరేసరికి దాని తిరుగుడు నీకే అర్థమవుతుంది. మధ్యలో "మీ కుక్క నా దగ్గరుంది, ముందు డబ్బు పంపండి" అని కూడా ఫోన్లు వస్తాయి. కాగితంలో చెప్పని గుర్తు ఒకటి అడుగు. జున్నుకు కడుపు కింద తెల్లమచ్చ ఉంది కదా, దాన్ని ఎక్కడా ప్రకటించకు. డబ్బు మాత్రం కుక్క కళ్లముందుకు వచ్చాకే.

కబుర్లు ఒకచోటికి చేరాయనుకో, అక్కడే తిండి పెట్టడం మొదలుపెట్టు. ఇదే అసలు పని, దీనికే ఓపిక కావాలి. రోజూ ఒకే చోట, ఒకే వేళకు. కోడి కార్జం ఉడికించి అన్నంలో కలుపు. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి కుక్కలకు విషం. బిర్యానీలో మిగిలిన ఎముకలు వేయకు, ఉడికిన ఎముక విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. మా గోదావరివాళ్ల రహస్యం ఒకటి చెబుతాను: ఎండు నెత్తళ్లు. బాగా కడిగి ఉప్పు పోగొట్టి ఉడికిస్తే ఆ వాసన ఎంత దూరం పోతుందో మీ అపార్టుమెంటు వాళ్లనడుగు, చెబుతారు. నువ్వు కప్పుకునే దుప్పటి ఒకటి ఉతకకుండా ఆ పక్కనే మడిచి పెట్టు. పక్కనే నీళ్లు.

అయితే ఆ వాసనకు పేటలోని కుక్కలన్నీ దిగుతాయి. వాటికి వాటి సరిహద్దులు ఉంటాయి, కొత్త కుక్కను నిలవనివ్వవు. అందుకని ముందే వాటికి వేరే పెట్టాలి. జున్ను కోసం పెట్టే చోటికి బాగా దూరంగా, వీధి ఆ మొదట్లో, ఒక గంట ముందు. కడుపు నిండిన కుక్క కాపలాకు బద్ధకిస్తుంది. ఇది నాకు మల్లి విషయంలో అయిదో రాత్రికి గానీ తట్టలేదు. అప్పటిదాకా దాని కోసం తీసుకెళ్లిన అన్నంతో గట్టు మీది కుక్కలను పోషించాను.

వచ్చి తింటున్నది జున్నేనని తెలియాలంటే కెమెరా కావాలి. కదలిక ఉంటే తనంతట తాను ఫొటో తీసే కెమెరాలు దొరుకుతాయి. లేదా ఎదురు దుకాణం సీసీ కెమెరా అటు చూస్తుంటే దుకాణదారును మంచిగా అడుగు. తీరా వచ్చిందని తెలిశాక సంతోషంతో అయిదుగురిని వెంటేసుకుని వెళ్లకు. ఆ చోటు ఎక్కడో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. సాయం చేస్తామని వచ్చినవాళ్లకు టీ ఇప్పించి, కాగితాలు అంటించే పని అప్పగించు.

ఇక దగ్గరికి వెళ్లే పద్ధతి. నువ్వొక్కదానివే ముందుకు వెళ్లు, తమ్ముడు కనుచూపు మేరలో దూరంగా ఉండాలి. రాత్రివేళ ఆ ఖాళీ స్థలాల్లోకి ఒంటరిగా వెళితే మాత్రం ఊరుకోను. జున్ను కనబడగానే నిలబడి చూడకు, కళ్లలోకి చూడకు, చేయి చాపకు. నెమ్మదిగా కింద కూర్చుని పక్కకు తిరుగు. తమ్ముడికి ఫోను చేసి ఆఫీసు సంగతులో, కూరల ధరలో మామూలు గొంతుతో మాట్లాడు. ఇంట్లో అది రోజూ విన్న గొంతు అదే. బిస్కట్ ప్యాకెట్టు గలగలలాడించి నువ్వు తింటున్నట్టు ఉండు. ఆవలించు. నాలుగు ముక్కలు పక్కకు జారవిడువు, దాని మీదికి విసరకు. వస్తే రానీ, రాకపోతే లేచి వచ్చేయ్, మళ్లీ రేపు అదే వేళకు.

నేను అలా కూర్చున్న మొదటి రాత్రి మల్లి నలభై అడుగుల దూరంలో ఆగింది. మూడో రాత్రి నా వీపు వెనకగా వచ్చి చెప్పు వాసన చూసి పోయింది. ఆ క్షణం చేయి వెనక్కి చాపి పట్టుకోవాలని ఒళ్లంతా లాగేసింది. పట్టుకోలేదు. నా జీవితంలో నేను చేసిన కొద్ది తెలివైన పనుల్లో అదొకటి. నాలుగో రాత్రి వాసన చూస్తూ చూస్తూ ఒక్కసారిగా ఏడుస్తున్నట్టు సన్నగా మూలిగి, నా ఒళ్లో పడింది. నేనూ మూలిగాననుకుంటాను, మీ పెద్దమ్మకు చెప్పలేదు.

ఒళ్లోకి వచ్చాక కూడా కౌగిలించుకోకు. గడ్డం కింద నిమురుతూ ముడి జారే తాడు మెడలో వేయి, ఆ తర్వాత ఛాతీ బెల్టు. రెండు తాళ్లు, రెండూ మణికట్టుకు చుట్టుకుని. కారు తలుపులు, అద్దాలు అన్నీ మూశాకే మాట్లాడు. ఇంట్లో గది తలుపు మూశాకే తాళ్లు విప్పు. దొరికిన కుక్క గేటు దగ్గర మళ్లీ జారిపోయిన ఇళ్లు నాకు రెండు తెలుసు.

ఇన్ని చేసినా రాకపోతే బోను ఉంది. జంతు సంక్షేమ సంస్థలను అడిగితే పెద్ద బోను ఇస్తారు. తలుపు తెరిచి కట్టేసి, పైన గోనెపట్టా కప్పి, కొన్నాళ్లు దాంట్లోనే తిననివ్వాలి. నిర్భయంగా లోపలికి వెళుతోందని కెమెరాలో చూశాకే తలుపు పడేలా బిగించాలి. బిగించిన బోనును ఒక్క నిమిషం కూడా కాపలా లేకుండా వదలకూడదు. అన్నంలో మత్తుమందు కలిపితే సరిపోతుందని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట చెప్పినవాడిని మళ్లీ దగ్గరికి రానివ్వకు. నోటి ద్వారా ఇచ్చిన మందు పనిచేయడానికి సమయం పడుతుంది. ఈలోగా తూలుతూ రోడ్డు మీదికో మూసీలోకో పోతుంది, ఎక్కడ పడిపోయిందో మనకు తెలియదు.

దొరికాక ఆకలి మీదుంటుందని గిన్నెడు పెట్టకు. కొద్దికొద్దిగా, నాలుగైదు సార్లు. మరునాడే డాక్టరుకు చూపించు. పిడుదులు పట్టి ఉంటాయి, వాటి వల్ల జ్వరం రావచ్చు. వీధి కుక్కలు కరిచిన గాట్లు ఉంటే టీకా వేసి ఉన్నా రేబిస్ సూది మళ్లీ వేయించాలి. భయంలో నిన్నే కరిచిందనుకో, సబ్బు పెట్టి ధార నీటి కింద 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. మన జున్నే కదా అని ఊరుకోకు. తర్వాత తీరికగా చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ వేయించవచ్చు.

నేను వెతికిన కుక్కలన్నీ దొరికాయని అబద్ధం చెప్పను. రెండు దొరకలేదు. కానీ మల్లి 23వ రోజున దొరికింది, నీకు ఇది మూడో రోజు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ దొరికింది. తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగుతాను. మీ పెద్దమ్మ ఎండు నెత్తళ్లు మూడు కవర్లలో చుట్టి ఇచ్చింది, అయినా పెట్టెలో వాళ్లకు నేనెవరో తెలిసిపోతుంది. నన్ను తీసుకెళ్లడానికి స్టేషనుకు రావద్దు, మెట్రో ఎక్కి నేనే వస్తాను. ఆ వేళకు నువ్వు జున్ను కనబడిన చోట, మెట్రో స్టేషను వెనక గోడ పక్కన కూర్చుని ఉండాలి.

మీ పెదనాన్న