సంచి పైకి లాగి చూశారా? చేపల మేతపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది 5 ఎకరాల చెరువు. శీలావతి 10,000, బొచ్చె 1,000 ఉన్నాయి. ఒక్కోటి అర కిలో తూగుతోంది. ఎదుగుదల లేదని నెల నుంచి నూనె తీసిన తవుడు రోజుకు 250 కిలోలు సంచుల్లో పోసి చెరువులో కర్రలకు కడుతున్నాను. ఎదగకపోగా తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.
ఒక రైతు, ఆకివీడు

జవాబు: మీ చేపలకు మేత ఎక్కువైంది, బలం తక్కువైంది. మొత్తం బరువు 5,500 కిలోలు. ఈ సైజుకు రోజుకు రెండున్నర శాతం, అంటే 137 కిలోలు చాలు. మీరు నాలుగున్నర శాతం కడుతున్నారు. తినగా మిగిలింది అడుగున కుళ్లుతుంది, ఆ కుళ్లు ప్రాణవాయువును లాగేస్తుంది. రాత్రిపూట నాచు కూడా పీల్చుకోవడంతో తెల్లారేసరికి చేపకు గాలి మిగలదు.

ముందు రెండు రోజులు మేత ఆపండి. అర్ధరాత్రి నుంచి పొద్దెక్కేదాకా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పండి, వీలుంటే కొత్త నీరు పెట్టండి. ముంజేయి సగం మునిగేసరికే అరచేయి కనబడకపోతే నీరు నాచుతో బాగా చిక్కబడినట్టే, పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ లాంటి ఎరువులేవీ వేయొద్దు.

ఇక ఎదుగుదల సంగతి. ఈ తవుడులో మాంసకృత్తులు సుమారు 15 శాతమే. 70 కిలోల తవుడుకు 30 కిలోల వేరుశనగ చెక్క కలిపితే 23 శాతం దగ్గరికి వస్తుంది. తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం చేపకు అరగని రూపంలో ఉంటుంది కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం కూడా కలపాలి. శీలావతికి మనలాంటి పొట్ట ఉండదు, ఒకేసారి ఎక్కువ తిని దాచుకోలేదు. అందుకే అడుగున చిల్లులున్న సంచి పద్ధతి దానికి బాగా నప్పింది: కావాల్సినప్పుడు వచ్చి కొంచెం కొంచెం లాక్కుంటుంది.

పొద్దెక్కాక సంచులు కట్టండి. మూడు గంటల తర్వాత నాలుగైదు చోట్ల పైకి లాగి చూడండి. అడుగున పులిసిన వాసనతో ముద్ద మిగిలితే గట్టు మీద పారబోయండి, కొత్త మేతలో కలపకండి, మర్నాడు పదో వంతు తగ్గించండి. కర్ర కింద మట్టి నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ కర్రను వేరే చోటికి మార్చాలి. పీకిన కర్రను బాగా ఎండబెట్టండి. చేప పేను గుడ్లు పెట్టేది ఇలాంటి గట్టి వాటి మీదే. ఈ పని చాలామంది వదిలేసి, తర్వాత మందులకు ఖర్చు పెడుతున్నారు.

పదిహేను రోజులకోసారి విసురు వలతో నాలుగైదు చోట్ల పట్టి 50 చేపలు తూచండి. మేత కర్రల దగ్గర మాత్రం వల వేయొద్దు. అక్కడికి పెద్దవే ముందు చేరతాయి, సగటు ఎక్కువగా తేలి మళ్లీ మేత ఎక్కువ కట్టేస్తారు.

ప్రశ్న: వానకు తడిసి కొద్దిగా బూజు పట్టిన వేరుశనగ చెక్క తక్కువ ధరకు వస్తోంది. ఎండబెట్టి వాడొచ్చా?
ఒక పాఠకుడు, గణపవరం

జవాబు: వాడొద్దు. ఎండకు బూజు పోయినట్టు కనిపిస్తుందిగానీ, అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం పోదు. ఉడికించినా పూర్తిగా పోదు. అది చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మేత తింటున్నా చేప ఎదగదు. మీ గోదాములో బస్తాలను చెక్క బల్లల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చండి. పాతవి ముందు వాడండి.

ప్రశ్న: చలికాలంలో మంచు పట్టిన రోజుల్లో మేత ఎంత?
ఒక పాఠకుడు, ఉండి

జవాబు: నీరు చల్లబడితే చేపకు అరుగుదల మందగిస్తుంది. మామూలు మేతలో సగం, అదీ మంచు విడిచి ఎండ వచ్చాకే. వాయుగుండం పట్టి రోజంతా సూర్యుడు కనబడకపోతే ఆ రోజు అసలు కట్టకండి. ఒక రోజు పస్తు ఉంటే చేపకు ఏమీ కాదు.